యాక్టివ్, పాసివ్: బేస్ గిటార్‌లో ఒక చిన్న స్విచ్ పాఠం

ఈసీఈ వాళ్లకు ఈడీసీ ల్యాబ్ వైవాలో ఒక ప్రశ్న దాదాపు తప్పదు. "ఎమిటర్ ఫాలోవర్ వోల్టేజ్ గెయిన్ ఎంత?" అని అడుగుతారు. "ఒకటి కంటే కొంచెం తక్కువ సార్" అంటాం. "మరి సిగ్నల్‌ని పెంచని ఆంప్లిఫయర్‌తో పనేంటి?" అంటారు. "ఇంపెడెన్స్ మ్యాచింగ్ సార్" అని రికార్డులో ఉన్న మాట అప్పజెప్పి బయటపడతాం. ఆ మాటకు నిజంగా అర్థమేంటో చూడాలంటే ఒక బేస్ గిటార్ వెనక మూత విప్పితే చాలు.

నేను మూడో సంవత్సరం ఈసీఈ. కాలేజీ బ్యాండ్‌లో బేస్ వాయిస్తాను. బేస్ కొనాలనుకునే జూనియర్లు నన్ను అడిగే ప్రశ్నలు రెండే. "అన్నా, యాక్టివ్ కొనాలా, పాసివ్ కొనాలా?" అనేది ఒకటి. "రెండూ ఉన్న గిటార్‌లో ఆ స్విచ్ నొక్కితే లోపల ఏమవుతుంది?" అనేది రెండోది. రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిదానికి మీరే చెప్పుకోగలరు. అందుకే ఈ వ్యాసం.

ముందే ఒక మాట. చానామంది ఆ స్విచ్‌ను మంచి సౌండుకీ మామూలు సౌండుకీ మధ్య మీట అనుకుంటారు. అది కాదు. గిటార్ నుంచి ఆంప్ దాకా ఉన్న కేబుల్‌ను ఎవరు నడపాలి, పికప్ కాయిలా లేక బ్యాటరీతో పనిచేసే ఆంప్లిఫయరా, అన్నది ఆ స్విచ్ తేలుస్తుంది. మిగతా తేడాలన్నీ దీని నుంచే పుడతాయి.

బేస్‌కు నాలుగు కిలోహెర్ట్జ్ ఎందుకు?

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగను వదిలేసి మీటితే 41 హెర్ట్జ్ పలుకుతుంది. సన్న తీగ 98 హెర్ట్జ్. "అంత కింద పలికే వాద్యానికి పై ఫ్రీక్వెన్సీలతో పనేంటి?" అని అడగొచ్చు. "గీతాంజలి" (1989) పాటలు ఇయర్‌ఫోన్‌లో పెట్టుకొని ఇళయరాజా బేస్ లైన్ ఒక్కటే పట్టుకొని వినండి. తర్వాత అదే పాట ఫోన్ స్పీకర్‌లో వినండి. ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్‌ను పలికించలేదు. అయినా బేస్ ఎక్కడ నడుస్తోందో చెవి కనిపెడుతుంది. అసలు స్వరం మీద పేరుకున్న హార్మోనిక్సే దానికి కారణం. వేలు తీగను వదిలినప్పుడు వచ్చే చిన్న "టక్" కూడా ఒకటి రెండు కిలోహెర్ట్జ్‌ల పైనే ఎక్కువగా ఉంటుంది. అది పోతే శబ్దం ఉంటుంది గానీ స్వరం వినపడదు. గోడ అవతల ఎవరో రోలు దంచుతున్నట్టు ఉంటుంది.

పాసివ్ సర్క్యూట్

పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కంటే సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన కాయిల్. మీద స్టీలు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, కాయిల్‌లో వోల్టేజ్ పుడుతుంది. ఫారడే సూత్రమే, ఇంకేమీ లేదు. పాసివ్ బేస్‌లో ఈ కాయిల్ నుంచి వచ్చిన సిగ్నల్ వాల్యూమ్ పాట్, టోన్ పాట్ దాటి నేరుగా జాక్‌కు వెళ్తుంది. వాల్యూమ్ పాట్ మామూలుగా 250 కిలో ఓమ్‌లు. టోన్ దగ్గర 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి ఉంటుంది. బ్యాటరీ లేదు. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్, 1960లో వచ్చిన జాజ్ బేస్ ఇలాంటివే.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, పాసివ్ టోన్ నాబ్ ట్రెబుల్‌ను తగ్గించగలదు గానీ ఉన్నదానికంటే పెంచలేదు. రెండోది, కాయిల్‌కు ఇండక్టెన్స్ చానా ఎక్కువ. లెక్క సులువుగా ఉండటానికి 4 హెన్రీలు అనుకుందాం. కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. కాయిల్ సొంత కెపాసిటెన్స్ ఇంకో 100 అనుకోండి. ఇండక్టర్, కెపాసిటర్ కలిస్తే రెజొనెన్స్ వస్తుందని మనకు తెలుసు. ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర చిన్న గుట్టలా లేచి, దాని తర్వాత సిగ్నల్ దబ్బున పడిపోతుంది.

ఒకటి బై రెండు పై రూట్ ఎల్‌సీ సూత్రంలో వేసి చూడండి. 3 మీటర్ల కేబుల్‌తో ఆ గుట్ట సుమారు 4 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. 10 మీటర్ల కేబుల్‌తో 2.4 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. 30 మీటర్లు లాగితే 1.4 కిలోహెర్ట్జ్. అంటే పాసివ్ బేస్‌లో కేబుల్ కూడా వాద్యంలో ఒక భాగమే. కేబుల్ మారిస్తే గొంతు మారుతుంది.

బోరు, పైపు, సంపు

దీన్ని మన అనంతపురం లెక్కలో చెప్తాను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా వాన పడితే గొప్ప అనుకునే జిల్లా మనది. సన్న ఊట ఉన్న బోరు నుంచి దూరంగా ఉన్న చేనికి నేరుగా పైపు లాగితే చివరికి వచ్చేది సన్నటి ధార. అందుకే రైతు బోరు పక్కనే సంపు కట్టి నీళ్లు అందులో పడేస్తాడు. సంపు నుంచి ఇంకో మోటారు పెట్టి చేనికి తోస్తాడు. ఇప్పుడు బోరు మీద పైపు బరువు లేదు. దాని పనల్లా పక్కనున్న సంపులో నీళ్లు వదలడమే.

పికప్ సన్న ఊట బోరు. కేబుల్ పొడవు పైపు. సంపు, రెండో మోటారు కలిపి బఫర్ ఆంప్లిఫయర్. ఎమిటర్ ఫాలోవర్ పని అదే. నీళ్లను ఎక్కువ చెయ్యదు, బోరుకు భారం తగ్గిస్తుంది. పోలిక ఇంతవరకే పనికొస్తుంది. నీళ్ల దగ్గర మొత్తం ధార తగ్గుతుంది, పికప్ దగ్గర పై ఫ్రీక్వెన్సీలు ముందు పోతాయి.

యాక్టివ్ అంటే

యాక్టివ్ బేస్‌లో పికప్ తర్వాత ఒక ప్రీఆంప్ ఉంటుంది. 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. చానావాటిలో టీఎల్ 062, టీఎల్ 072 లాంటి ఆప్‌ఆంప్‌లే కనిపిస్తాయి, మనం ల్యాబ్‌లో వాడేవాటికి చుట్టాలే. దీని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఒక మెగా ఓమ్ చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి పికప్‌కు భారం దాదాపు ఉండదు. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఒక కిలో ఓమ్ అనుకున్నా, 10 మీటర్ల కేబుల్ కెపాసిటెన్స్‌తో కటాఫ్ 159 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు. అంటే కేబుల్ ఉన్నట్టే తెలీదు.

ఇంకో లాభం, బ్యాటరీ ఉంది కాబట్టి బేస్, మిడ్, ట్రెబుల్‌ను తగ్గించడమే కాదు, పెంచవచ్చు కూడా. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో అలెంబిక్ వాళ్లు ఈ దారి తొక్కారు. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే దాన్ని ఫ్యాక్టరీ గిటార్‌గా ఊరూరికీ చేర్చింది. ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండరే దాని వెనక ఉన్నాడు. పాసివ్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చిన మనిషే యాక్టివ్‌కూ పేరు తెచ్చాడన్నమాట.

ఒక తికమక ఇక్కడే తీర్చుకుందాం. "యాక్టివ్ ప్రీఆంప్" వేరు, "యాక్టివ్ పికప్" వేరు. ఈఎంజీ లాంటి యాక్టివ్ పికప్‌లలో బఫర్ పికప్ డబ్బా లోపలే సీల్ అయి ఉంటుంది. బయట ఏ స్విచ్ పెట్టినా వాటిని పాసివ్ చెయ్యలేం. బ్యాటరీ పోతే పాట పోయినట్టే. మామూలు పికప్, దాని వెనక ప్రీఆంప్ ఉన్న బేస్‌కే ఈ స్విచ్ వర్తిస్తుంది.

స్విచ్ లోపల

వాడేది డీపీడీటీ స్విచ్. వెనక ఆరు కాళ్లు, రెండు వరుసలు, వరుసకు మూడు. ఎడమ వరుస మధ్య కాలికి వాల్యూమ్ పాట్ నుంచి వచ్చే సిగ్నల్ వైరు. కుడి వరుస మధ్య కాలి నుంచి జాక్‌కు వైరు. ఎడమ పై కాలు ప్రీఆంప్ ఇన్‌పుట్‌కు, కుడి పై కాలు ప్రీఆంప్ అవుట్‌పుట్‌కు. కింది కాళ్లు రెండిటినీ ఒక ముక్క వైరుతో కలిపేయాలి.

మీట ఒకవైపు ఉంటే సిగ్నల్ ప్రీఆంప్ గుండా పోతుంది. రెండోవైపు ఉంటే ఆ ముక్క వైరు గుండా నేరుగా జాక్‌కు పోతుంది, ప్రీఆంప్ రెండు చివర్లా తెగిపోతుంది. రైతు సంపును తప్పించి గేటు వాల్వు తిప్పి బోరు నీళ్లు నేరుగా వదిలినట్టే.

పాసివ్‌లోకి వచ్చాక మిడ్, ట్రెబుల్ నాబ్‌లు ఎంత తిప్పినా ఉలకవు, పలకవు. అవి ప్రీఆంప్‌వి. పనిచేసేవి వాల్యూమ్, బ్లెండ్, పాసివ్ టోన్ ఉంటే అది. స్విచ్ వేసినప్పుడు "టప్" మని కొడుతుంటే ప్రీఆంప్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు, అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు ఒక్కొక్క మెగా ఓమ్ రెసిస్టర్ వెయ్యండి. కప్లింగ్ కెపాసిటర్ల మీద నిలిచిన డీసీ వాటి గుండా జారిపోతుంది. యాక్టివ్‌లో శబ్దం మరీ ఎక్కువై తేడా తెలుస్తుంటే ప్రీఆంప్‌లో గెయిన్ ట్రిమ్‌పాట్ ఉందేమో చూసి రెండూ సమానం చేసుకోండి. లేకపోతే పెద్దగా వినపడేదే మంచి సౌండు అని చెవి మోసపోతుంది.

25 కిలో ఓమ్‌ల చిక్కు

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

పోయిన ఏడాది హాస్టల్లో మావోడు ఒకడు సెకండ్ హ్యాండ్‌లో యాక్టివ్ బేస్ కొన్నాడు. స్విచ్ లేదు. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి తనే బైపాస్ స్విచ్ వేసుకున్నాడు. సోల్డరింగ్ బాగానే ఉంది. పాసివ్‌లో పెడితే మాత్రం దుప్పటి కప్పినట్టు వినపడింది. "పాసివ్ అంటే ఇంతేనప్పా, అందుకే అందరూ యాక్టివ్ కొంటారు" అని తేల్చేశాడు. స్విచ్ పీకేద్దామన్నాడు.

"ఆగప్పా, మూత తియ్యి ముందు" అన్నాను. వాల్యూమ్ పాట్ వెనక 25 కే అని అచ్చు వేసి ఉంది. విషయం అక్కడుంది. ఆ గిటార్‌లో వాల్యూమ్ పాట్ ప్రీఆంప్ తర్వాత వస్తుంది. ప్రీఆంప్ అవుట్‌పుట్ బలంగా ఉంటుంది కాబట్టి దానికి 25 కిలో ఓమ్‌ల పాట్ సరిపోతుంది. బైపాస్‌లో అదే పాట్ పికప్ నెత్తిన పడుతుంది.

లెక్క చూడండి. 4 హెన్రీల కాయిల్‌కు 25 కిలో ఓమ్‌ల లోడ్ పెడితే కటాఫ్ ఆర్ బై రెండు పై ఎల్, అంటే సుమారు 1 కిలోహెర్ట్జ్. దాని పైనున్నదంతా వాలిపోతుంది. అదే 250 కిలో ఓమ్‌లైతే కటాఫ్ 10 కిలోహెర్ట్జ్ దగ్గర. వాడు పాసివ్ సౌండు అనుకొని విన్నది లోడ్ కింద నలిగిన పికప్‌ని.

250 కిలో ఓమ్‌ల పాట్ తెచ్చి, దాన్ని ప్రీఆంప్ కంటే ముందుకు మార్చి, స్విచ్‌ను దాని తర్వాత వేశాం. అప్పుడు రెండు స్థానాల్లోనూ పికప్‌కు కనిపించే లోడ్ దాదాపు ఒకటే. పాసివ్‌కు గొంతు వచ్చింది. మావోడు ఇప్పుడు స్లో పాటలన్నీ పాసివ్‌లోనే వాయిస్తున్నాడు, ఆ గుట్ట దగ్గర వచ్చే చిన్న గరుకు తనకు నచ్చుతుందంటాడు.

కాబట్టి ఎవరైనా "ఈ బేస్ పాసివ్‌లో బాగుండదు" అంటే వెంటనే నమ్మకండి. మూత తీసి పాట్ వెనక నంబర్ చదవండి.

ఫెస్ట్ స్టేజి మీద

మన ఊళ్లలో ఫెస్ట్ అంటే బేస్ ఆంప్ ఉండదు. మైక్‌సెట్ అన్న వచ్చి ఒక వైరు చేతికిస్తాడు.

"అన్నా, ఈ వైరు ఎక్కడికి పోతాది?"

"మిక్సర్‌లోకే తమ్ముడూ, యాడికి పోతాది ఇంగ?"

చానా మిక్సర్లలో లైన్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 10 నుంచి 20 కిలో ఓమ్‌లు. బేస్ ఆంప్‌లలో మామూలుగా ఒక మెగా ఓమ్. పాసివ్ బేస్‌ను 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌కు తగిలిస్తే మళ్లీ అదే చిక్కు, ఇంకా ఘోరంగా. కటాఫ్ 400 హెర్ట్జ్ దగ్గరికి వస్తుంది. కాయిల్ రెసిస్టెన్స్ ఇంచుమించు 10 కిలో ఓమ్‌లు ఉంటే శబ్దం కూడా సగమైపోతుంది. కేబుల్ 30 మీటర్లుంటే దాని బాధ వేరే.

అందుకని నేరుగా మిక్సర్‌లోకి వెళ్లాల్సి వస్తే యాక్టివ్‌లో పెట్టండి. పాసివ్ బేసే ఉంటే మధ్యలో డీఐ బాక్స్ అడగండి. గిటార్ నుంచి డీఐకి చిన్న కేబుల్, డీఐ నుంచి మిక్సర్ దాకా మైక్ కేబుల్ ఎంత పొడవైనా ఫర్వాలేదు. డీఐ బాక్స్ లేకపోతే ఏదైనా బఫర్ ఉన్న పెడల్ కూడా పని గడుపుతుంది. మిక్సర్ మీద "హై జెడ్" అని బటన్ ఉంటే అది నొక్కమనండి.

బ్యాటరీ సంగతి

యాక్టివ్ బేస్‌లో ఆన్, ఆఫ్ స్విచ్ కనపడదు. జాకే స్విచ్. అది స్టీరియో జాక్, మనం పెట్టేది మోనో ప్లగ్. బ్యాటరీ నెగటివ్ వైరు జాక్‌లో రింగ్‌కు కట్టి ఉంటుంది. ప్లగ్ లోపలికి పోగానే రింగ్, స్లీవ్ రెండూ కలిసిపోయి బ్యాటరీకి గ్రౌండ్ దొరుకుతుంది.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. స్విచ్‌ను పాసివ్‌లో పెట్టినంత మాత్రాన బ్యాటరీ మిగలదు. పైన చెప్పిన స్విచ్ సిగ్నల్‌ను మళ్లిస్తుంది గానీ ప్రీఆంప్‌కు కరెంటు ఆపదు. బ్యాటరీ మిగలాలంటే కేబుల్ పీకాలి.

ఆల్కలైన్ 9 వోల్టుల బ్యాటరీ సుమారు 500 మిల్లీ ఆంపియర్ అవర్లు. సర్క్యూట్ అర మిల్లీ ఆంపియర్ లాగితే 1000 గంటలు వస్తుంది. వినడానికి చానా ఎక్కువే. కానీ ప్రాక్టీస్ అయ్యాక కేబుల్ అలాగే వదిలేసి మూడు వారాల సెలవులకు ఊరెళ్తే 504 గంటలు, సగం బ్యాటరీ ఖాళీ. టీఎల్ 072 లాంటి ఎక్కువ కరెంటు తాగే ఆప్‌ఆంప్ ఉంటే బ్యాటరీ మొత్తం ఖాళీ.

బ్యాటరీ ఒక్కసారిగా చచ్చిపోదు. ముందు గట్టిగా కొట్టిన స్వరాలు పగులుతాయి, తర్వాత శబ్దం సన్నగిల్లుతుంది. ప్రోగ్రామ్ రోజు పొద్దున్నే మల్టీమీటర్ పెట్టి చూడండి. కొత్తదైతే 9 దాటి చూపిస్తుంది. 7కు దిగితే మార్చేయండి. రాత్రి పది గంటలకు సప్తగిరి సర్కిల్‌లో బ్యాటరీ వెతుక్కోవడం ఎవరికీ సరదా కాదు. ఆ సమయంలో ఆదుకునేది బైపాస్ స్విచ్చే. పాట మధ్యలో ఆగే బదులు గొంతు కొంచెం మారి సాగుతుంది. నా లెక్కలో ఈ స్విచ్‌కున్న అసలు విలువ ఇది.

ఎర్త్ గురించి రెండు మాటలు

మామూలు పికప్‌లున్న బేస్‌లలో హమ్ తగ్గడానికి తీగలను బ్రిడ్జ్ ద్వారా గ్రౌండ్‌కు కలుపుతారు. యాక్టివ్‌లో పెట్టినా పాసివ్‌లో పెట్టినా ఆ వైరు అలాగే ఉంటుంది. అంటే మన వేళ్లు ఆంప్ ఎర్త్ మీద ఉన్నట్టే. మన నేల ఎండాకాలంలో ఎంత పొడిబారుతుందో తెలుసు. పొడి నేలకు రెసిస్టివిటీ ఎక్కువ. అందుకే ఎర్త్ పిట్‌లో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోస్తుంటారు. ఆ నీళ్లు పోసే పని ఎవరూ చెయ్యని చోట, లేదా మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్ ఉన్న చోట, తీగలు పట్టుకొని మైక్‌కు పెదవి తగిలిస్తే షాక్ కొట్టొచ్చు. వాయించే ముందు మైక్ గ్రిల్‌కూ బేస్ తీగకూ మధ్య ఏసీ వోల్టేజ్ కొలవండి. ఏమాత్రం చెప్పుకోదగ్గ వోల్టేజ్ చూపించినా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, ప్రోగ్రామ్ ఆలస్యమైనా సరే. తీగల గ్రౌండ్ వైరు కత్తిరించడం పరిష్కారం కాదు.

ఇంతకీ ఏం కొనాలి?

సొంత ఆంప్ ఉండి, చిన్న గదిలో, చిన్న కేబుల్‌తో వాయించేవాళ్లకు పాసివ్ బేస్ చాలు. చెడిపోవడానికి లోపల ఏమీ ఉండదు. ఎక్కడ పడితే అక్కడ, ఏ మిక్సర్ దొరికితే దానిలో వాయించాల్సిన మనలాంటి వాళ్లకు యాక్టివ్ ఉపయోగం, దానికి బైపాస్ స్విచ్ ఉంటే ఇంకా మేలు. కొనే ముందు బ్యాటరీ తీసేసి పాసివ్‌లో వాయించి చూడండి. శబ్దం రాకపోతే అది నిజమైన బైపాస్ కాదు. శబ్దం వచ్చి దుప్పటి కప్పినట్టుంటే పాట్ నంబర్ అడగండి.

బేస్ లేనివాళ్లు కూడా ఇది ల్యాబ్‌లో చేసి చూడొచ్చు. ఫంక్షన్ జనరేటర్‌కు సిరీస్‌లో 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, దాన్ని బలహీనమైన సోర్స్ అనుకోండి. ముందు 10 కిలో ఓమ్‌ల లోడ్ నేరుగా తగిలించి సీఆర్‌ఓలో చూడండి. తర్వాత మధ్యలో ఆప్‌ఆంప్ బఫర్ పెట్టి చూడండి. మొదటిసారి పదకొండో వంతుకు పడిపోయిన సిగ్నల్ రెండోసారి దాదాపు మొత్తం నిలబడుతుంది. గెయిన్ ఒకటే ఉన్న ఆంప్లిఫయర్ చేసే పని స్క్రీన్ మీద కనపడుతుంది. ఆ తర్వాత ఎవరు వైవాలో అడిగినా రికార్డు వైపు చూడాల్సిన పని ఉండదు.